చర్మం మనది, సూది వారిది

హైదరాబాదులోనో విజయవాడలోనో కాస్త పేరున్న టాటూ స్టూడియోకు ఫోన్ చేస్తే ముందు మనకే ప్రశ్నలు ఎదురవుతాయి. ఏం బొమ్మ, ఒంటి మీద ఎక్కడ, ఎంత సైజు, షుగర్ ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతారు. ముందు రోజు తాగొద్దు, కడుపునిండా తిని రండి, అడ్వాన్స్ కట్టండి అంటారు. డబ్బిచ్చేది మనమైతే ఈ పరీక్ష మనకెందుకని చిరాకుపడేవాళ్లు చాలామందే. బట్టల కొట్టులో యాభై చీరలు విప్పించి, ఒక్కటీ నచ్చలేదని లేచి రాగల ధైర్యం ఉన్నవాళ్లం మనం. కొనేవాడి మాటే చెల్లాలన్నది మన బజారు నీతి, అది చాలాచోట్ల మంచిదే కూడా. టాటూ దగ్గర మాత్రం ఆ నీతి చెల్లదని నా వాదన. అక్కడ మనం కొనే వస్తువు షెల్ఫులో ఉండదు. మనం మోసుకెళ్లిన చర్మం మీద, మనం కదలకుండా కూర్చున్నంతసేపూ, మనం చెప్పిన నిజాల మీద ఆధారపడి అది తయారవుతుంది. సగం పని మనదైనప్పుడు ఆ సగానికి సిద్ధపడి వెళ్లడం ఎదుటివారికి చేసే ఉపకారమేమీ కాదు.

చర్మం లోపల జరిగేదేమిటో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది పుడుతూ ఉంటుంది కాబట్టి అక్కడ రంగు నిలవదు. దాని కిందున్న పొరలోకి, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు, సూది రంగును దింపాలి. అంతకంటే పైన ఆగితే వెలిసిపోతుంది, లోతుకు పోతే చెదిరిపోతుంది. లోపలికి వచ్చిన రంగును శరీరం చొరబాటుదారుగా చూస్తుంది. మాక్రోఫేజులనే రక్షణ కణాలు దాన్ని మింగి అరిగించుకోలేక అలాగే పట్టుకుని కూర్చుంటాయి. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల తోకల మీద పచ్చబొట్లు పొడిచి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. రంగు మింగిన కణం చనిపోగానే వదిలేసిన రంగును పక్కన కొత్తగా వచ్చిన కణం అందుకుంటోంది. చెరగదనుకునే పచ్చబొట్టు నిజానికి కణం నుంచి కణానికి చేతులు మారుతూ బతుకుతోందన్నమాట. అలాంటప్పుడు శరీరం ఏ స్థితిలో ఉందన్నది బొమ్మకు సంబంధం లేని విషయం ఎలా అవుతుంది?

తాగి వెళ్లకూడదనేది మనం సిద్ధపడాల్సిన వాటిలో మొదటిది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, నెత్తురు గడ్డకట్టే పనిని మందగింపజేస్తుంది. సూది పడ్డచోట నెత్తురు ఎక్కువగా ఊరుతుంది. ఆర్టిస్టు తుడిచిన కొద్దీ చర్మం మీద అచ్చువేసిన స్టెన్సిల్ చెరుగుతుంది, రంగు పట్టిందో లేదో కనబడదు, తుడిచిన చోటే మళ్లీ తుడవాల్సి వచ్చి చర్మం నలుగుతుంది. మత్తులో ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలే కాదన్నది వేరే సంగతి. ఆస్ప్రిన్‌ది ఇంకో చిక్కు. ఒక్క మాత్ర ప్రభావం వారం దాకా నెత్తుటి కణాల మీద ఉంటుంది, అందుకని తలనొప్పికి అలవాటుగా వేసుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్ప్రిన్‌ను మాత్రం బొమ్మ కోసం సొంతంగా మానేయకూడదు. మానవచ్చో లేదో చెప్పాల్సింది ఆ డాక్టరే. ఇక తిండి, నిద్ర. పొద్దున్నే ఉపవాసంతో గుడికి వెళ్లి, అటునుంచి అటే స్టూడియోకు వచ్చి కూర్చుంటే కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ. నొప్పికీ భయానికీ రక్తపోటు ఉన్నట్టుండి పడిపోయి మనుషులు సొమ్మసిల్లుతారు, ఖాళీ కడుపు దాన్ని మరింత సులువు చేస్తుంది. ఎండలో కమిలిన చర్మం మీద మంచి ఆర్టిస్టు పని చేయడు, కాబట్టి భీమిలి బీచ్‌లో రెండు రోజులు తిరిగి మూడో రోజుకు అపాయింట్‌మెంట్ పెట్టుకోవడం ఇద్దరి కాలాన్నీ వృథా చేయడమే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. మన అమ్మమ్మల చేతుల మీద ఉన్న పచ్చబొట్లకు ఈ హంగామా ఏదీ జరగలేదు కదా? ఎరుకలామె వీధిలోకి వచ్చేది, అరుగు మీద కూర్చోబెట్టి సూదులతో పొడిచేది, దీపపు మసీ ఆకు పసరూ పట్టించేది, గింజలో పాత చీరో తీసుకుని వెళ్లేది. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల గ్రంథంలో కొరవ, ఎరుకల స్త్రీల ఈ వృత్తి నమోదై ఉంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆ పని తోటి తెగ స్త్రీలది. అప్పుడు లేని తయారీ ఇప్పుడెందుకన్నది గట్టి ప్రశ్నే. అయితే ఆ పద్ధతిలో తయారీ లేదనడం తొందరపాటు. ఆ తయారీ పొడిపించుకునే మనిషి చేతిలో కాక ఊరి చేతిలో ఉండేది. ఏ చుక్క ఏ వయసులో ఎక్కడ వేయాలో ఆచారం ముందే తేల్చి పెట్టింది. బొమ్మ ఎంపిక మీద తర్జనభర్జన లేదు. పిల్ల కదలకుండా పట్టుకోవడానికి మేనత్తో పిన్నో ఉండేది, నొప్పి మరిపించడానికి పొడిచే ఆమే పాట అందుకునేది. పని కూడా చిన్నది, నాలుగు చుక్కలో ఒక గీతో, మహా అయితే ఒక పేరో. ఈనాడు భుజమంతా కప్పే సింహానికి ఐదారు గంటల సిట్టింగు కావాలి, దాన్ని ఎంచుకునేదీ ఒంటరి మనిషే. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ ఎడిసన్ ఎలక్ట్రిక్ పెన్ను ఆధారంగా టాటూ మెషీన్‌కు పేటెంటు తీసుకున్నాక సూది సెకనుకు పదులసార్లు దిగడం మొదలైంది, అడగగలిగే బొమ్మ అంతకంతకూ పెద్దదైంది. ఊరు మోసిన బరువు క్లయింటు భుజాల మీదికి మారింది. ఇక అరుగు మీది సూదితో ఒకరి నెత్తుటి జబ్బు మరొకరికి అంటి ఉంటే అది ఎవరి లెక్కల్లోకీ ఎక్కలేదు, కనుక ఆ కాలం అంత క్షేమమైందని ప్రమాణం చేయలేం.

సిద్ధపడటంలో అన్నిటికంటే కష్టమైనది నిజం చెప్పడం అనుకుంటాను. స్టూడియోలో ఇచ్చే ఫారం చదవకుండా సంతకం పెట్టడం మనకు అలవాటు. బ్యాంకులో పెట్టినట్టే ఇక్కడా పెడతాం. షుగర్ అదుపులో లేనివాళ్లకు పుండు త్వరగా మానదు. గాయమైన చోట కీలాయిడ్ గడ్డలు లేచే తత్వం మన చర్మపు రంగువాళ్లలో ఎక్కువ, ముఖ్యంగా ఛాతీ, భుజాల మీద. ఇవి దాచిపెట్టి బొమ్మ వేయించుకుని తర్వాత ఆర్టిస్టు పనితనం మీద నెపం వేయడం అన్యాయం. నంబింగ్ క్రీమ్ సంగతి ఇంకా ముదిరింది. నొప్పి తెలియకూడదని ఆన్‌లైన్‌లో దొరికిన క్రీమ్‌ను ఇంట్లోనే దట్టంగా పూసుకుని, పైన ప్లాస్టిక్ చుట్టుకుని, ఆ మాట చెప్పకుండా వచ్చి కూర్చునేవాళ్లున్నారు. ఇలాంటి క్రీముల్లో లిడోకెయిన్ అనే మందు 4 శాతానికి మించితే గుండె లయ తప్పవచ్చని, ఫిట్స్ రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2024 మార్చిలో హెచ్చరించింది. ప్లాస్టిక్ చుడితే ఆ మందు ఒంట్లోకి ఇంకేది మరింత ఎక్కువవుతుంది. వెడల్పాటి చోట, సూదితో తూట్లు పడిన చర్మం మీద మళ్లీ పూస్తే చెప్పనక్కర్లేదు. నొప్పికి భయపడటం తప్పు కాదు. ముందే చెబితే ఆర్టిస్టు చిన్న చిన్న సిట్టింగులుగా విడగొట్టగలరు, మధ్యమధ్య ఆపగలరు.

బొమ్మ దగ్గరికి వస్తే, తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కుర్రాడు ముంజేతి మీద తెలుగులో అమ్మ అని రాయించుకోవాలనుకుంటాడు. అక్కడి ఆర్టిస్టుకు మన లిపి ఒక అందమైన ముగ్గు, అంతే. ఫైలు తెరిచిన సాఫ్ట్‌వేర్‌కు మన గుణింతాలూ వత్తులూ కలిపే తెలివి లేకపోతే వత్తు మ కిందికి దిగకుండా పక్కకు జరిగి, "అమ్" తర్వాత విడిగా "మ" వచ్చి నిలబడుతుంది. లక్ష్మి లాంటి పేరైతే మూడు ముక్కలవుతుంది. ఆ తప్పు పట్టగల మనిషి ఆ గదిలో ఒక్కడే, కుర్చీలో కూర్చున్నవాడు. కాబట్టి అక్షరాలను ఫాంటుగా పంపకుండా బొమ్మగా మార్చి పంపడం, స్టెన్సిల్ అతికించాక అద్దంలో కాకుండా ఫొటో తీసి నిదానంగా చదవడం, వీలైతే ఇంకొకరి చేత చదివించడం అతని పని. హైదరాబాదులో ఉన్నా ఇది తప్పదు, ఎందుకంటే రోజుకు పది పేర్లు రాసే ఆర్టిస్టు మన తాతగారి పేరు ఎలా రాసుకునేవారో ఊహించలేరు. సైజు దగ్గర మొండికేయడం కూడా మానాలి. రంగు ఏళ్లు గడిచేకొద్దీ చర్మంలో కొద్దిగా పరుచుకుంటుంది. మన అక్షరాలు గుండ్రటివి, లోపలి ఖాళీలు చిన్నవి. ద, ధ మధ్య తేడా కింద ఒక్క చిన్న గీత; ప, ఫ మధ్యా అంతే. వేలి మీద బియ్యపు గింజంత అక్షరాలతో పేరు రాయమంటే, పదేళ్లకు అది ఎవరి పేరైనా కావచ్చు. "ఇంకొంచెం పెద్దది చేద్దామండీ" అని ఆర్టిస్టు అంటే ఎక్కువ డబ్బు లాగడానికేనని అనుమానించే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఇంటర్నెట్‌లో ఇంకొకరి ఒంటి మీద చూసిన బొమ్మను గీతకు గీత దించమనడం మరో పేచీ. ఆ బొమ్మ ఎవరో ఒక మనిషి కోసం ఇంకో ఆర్టిస్టు గీసిచ్చింది. నచ్చిన భావం చెప్పి కొత్తగా గీయమని అడిగితే ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది, పైగా మన చేతి వంపుకు తగ్గట్టు వస్తుంది.

బేరం మన సంస్కృతి కదా, అదీ వదిలేయాలా అంటారు. వదలక్కర్లేదు. బేరం ఎక్కడ ఆడాలన్నదే ప్రశ్న. బడ్జెట్ ఇంతే అని మొదట చెప్పి, దానికి సరిపడే సైజు, రంగులు అడగడం నిజాయితీ గల బేరం. స్టెన్సిల్ వేశాక, లేదా సగం గీశాక "పక్క షాపులో సగానికే చేస్తారు" అనడం బేరం కాదు. పక్క షాపు ఎక్కడ తగ్గించిందో మనకు తెలియదు; అది సూదుల దగ్గర కావచ్చు. అడ్వాన్స్ కూడా చాలామందికి గిట్టదు. మన బొమ్మ గీయడానికి ముందు రోజు రాత్రి పట్టిన గంటలకూ, మనం రాకపోతే ఖాళీగా పోయే పూటకూ అది పూచీ. గంట ఆలస్యంగా వచ్చినవాడు తన సమయమే కాక తర్వాతి వ్యక్తి సమయం కూడా తింటాడు. నలుగురు స్నేహితులను, చంటిపిల్లను వెంటేసుకుని రావడం, గీస్తుండగా వీడియో కాల్‌లో నవ్వుతూ ఊగడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నవ్వినప్పుడు పక్కటెముకల మీది గీత ఎటు పోతుందో ఎవరైనా ఊహించగలరు. స్నానం చేసి రావడం గురించైతే, ఆ ఆర్టిస్టు ముఖం మన చంకకు జానెడు దూరంలో మూడు గంటలుంటుందని గుర్తుచేసి ఊరుకుంటాను.

ఇదంతా చదివి, ఆర్టిస్టు ఏం చెప్పినా తలూపే క్లయింటే మంచి క్లయింటా అని ఎవరైనా అడిగితే ఆ అడగడం న్యాయమే. నా జవాబు, కాదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికుంటుంది. ఆ జబ్బు భయంతోనే న్యూయార్క్ నగరం 1961లో టాటూ వేయడాన్ని నిషేధించింది, నిషేధం ఎత్తేసింది 1997లో. మన దేశంలో రక్తదాతల ఎంపికకు 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు టాటూ వేయించుకున్నవారిని ఏడాది పాటు రక్తం ఇవ్వవద్దంటున్నాయి. కనుక సూది ప్యాకెట్ నా కళ్ల ముందు విప్పండి, రంగు కొత్త కప్పులో పోయండి, ఫోన్ ముట్టుకున్నాక గ్లవ్స్ మార్చండి అని అడగడం అమర్యాద కాదు. మంచి స్టూడియోలో ఆ ప్రశ్నకు మొహం మాడ్చుకోరు. మాడ్చుకుంటే అడ్వాన్స్ వదులుకుని బయటికి రావచ్చు. స్టెన్సిల్ రెండుసార్లు మార్చమని అడగవచ్చు, నొప్పి ఓర్చుకోలేకపోతే ఆపమనవచ్చు. సగం పని మనదని ఒప్పుకున్నవాడికే మిగతా సగం గురించి గట్టిగా అడిగే హక్కు ఉంటుంది. సూది దిగక ముందు తేల్చుకోవాల్సిన వాటిలో ఉద్యోగం కూడా ఒకటి. సైన్యంలో చేరాలని ఊళ్లో పొద్దున్నే పరుగులు తీసే కుర్రాళ్లు తెలుసుకోవాల్సిన నియమం ఉంది: ముంజేతి లోపలివైపు మోచేతి నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనుకవైపు తప్ప ఇంకెక్కడా శాశ్వతమైన టాటూను అనుమతించరు, ఆచారం ప్రకారం పచ్చబొట్లుండే గిరిజనులకు మాత్రమే సడలింపు. ఈ మాట ఆర్టిస్టు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు.

చివరిగా టచప్ గురించి. చాలా స్టూడియోలు మొదటి టచప్ ఉచితంగా చేస్తాయి. రంగు అక్కడక్కడా పట్టకపోవడం పనిలో మామూలే. అయితే రెండు మూడు వారాలు ఈత మానమంటే మానకుండా, ఎండలో తిప్పొద్దంటే తిప్పి, రాలుతున్న పొక్కును గోకి పీకి, ఆనక వెలిసిపోయిందని వచ్చి ఉచితంగా చేయమనేవాళ్లూ ఉంటారు. అప్పుడు గంటకింతని అడిగితే ఆర్టిస్టుది పిసినారితనం అనకూడదు. పుండు మానిన తీరు చూసి, ఏది సూది వల్ల పోయిందో ఏది గోళ్ల వల్ల పోయిందో వాళ్లు పోల్చగలరు. జరిగింది జరిగినట్టు చెప్పేసి, డబ్బు ఎంతో అడిగి కూర్చోవడమే నయం.