పాతయింటి మరమ్మతు

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు పాతయిల్లు బాగుచేయించి చూడుమని యేల యనలేదో తెలియదు. క్రొత్తయిల్లు కట్టువారికి వట్టినేల చాలును. పాతయింటిలోనో, వృద్ధురాలగు అత్తగారి మంచము, దేవుని గూడు, పొయ్యిమీది యెసరు, వీనిలో నేదియు చెదరకుండ పని జరుగవలయును.

మాది కృష్ణాతీరమున మామగారి తండ్రిగారు కట్టించిన మండువా లోగిలి. ఇటుకగోడలు, గానుగ సున్నము, టేకు స్తంభములు, పైన పెంకులు. గడచిన రెండు వర్షకాలములలో పడమటిగది గోడ మోకాటియెత్తున చెమ్మపట్టి, పూత పొట్టువలె రాలజొచ్చెను. ఉపాధ్యాయుని జీతములో మిగిల్చిన సొమ్ముతో మరమ్మతునకు పూనుకొంటిమి.

మొదట వచ్చిన గుత్తేదారు గోడను చేతితో తాకనైన తాకలేదు. పూత యంతయు కొట్టివేసి సిమెంటు పూసెదననియు, పెంకులు వాసములు దింపి రేకులు వేసెదననియు, మొత్తమున కింతయనియు చెప్పెను. రెండవవాడు వయసు మళ్లిన తాపీమేస్త్రీ. వాననీరు ఏ దారిని పోవుచున్నదని యడిగెను. తాపీపిడితో గోడను తట్టి వినెను. దూలముల తలలు గోడలో నెంతవరకు దిగియున్నవో చూపుమనెను. ఇతని లెక్క మొదటివాని లెక్కకంటె నెక్కువ. మావారు తక్కువవైపే మొగ్గిరి.

అప్పుడు నేను మొదటివానిని, “దింపిన టేకు ఎవరిది?” అని యడిగితిని. “అది మామూలేనండి అమ్మగారూ, పాతసామాను మేమే తీసుకుపోతాం” అనెను. తక్కువ యేల తక్కువో అప్పుడు తేలినది! మూడుతరముల టేకు వెల కట్టి చూచిన, అతని బేరమే ప్రియము. (అమరములో ఇంటి కెన్ని పేర్లున్నవో మా నాన్నగారు చిన్ననాడే వల్లెవేయించిరి, ఈ బేరములో వాని నొక్కటియు అక్కరకు రాలేదు.)

సిమెంటు సంగతియు చెప్పవలయును. పోర్ట్లండు సిమెంటునకు ఇంగ్లండులో 1824లో హక్కుపత్రము పుట్టినది. అంతకు శతాబ్దుల ముందునుండి మన గోడలు సున్నముతో నిలిచినవి. బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలిపి నూరిన సున్నమది. సున్నపుగోడ నేలనుండి పీల్చిన తడిని గాలికి విడిచివేయును. దానిపై సిమెంటు పూసినచో ఆ తడికి దారి మూసికొనిపోయి పైపైకి ప్రాకును. అందలి ఉప్పు ఇటుకను పొడిచేయును, దూలపుతలలు కుళ్లును, ఆపై చెదలు. మా బంధువులయింట సిమెంటు పూసిన మూడవయేటికే మోకాటియెత్తు చెమ్మ నడుమెత్తునకు వచ్చినది.

సోదరీమణులారా, గుత్త కుదుర్చుకొనునపుడు వంటయింటనే యుండిపోకుడు. దినదినము ఆ గోడల నడుమ మెలగువారము మనము. నోటిమాటయు ఒప్పందమే యని 1872 నాటి చట్టము చెప్పుచున్నను, తగవు వచ్చినపుడు నోటిమాటను ఋజువుచేయుట కష్టము. మేము కాగితముమీద వ్రాయించితిమి: చదరపుటడుగున కింతయని, సున్నము, ఇసుక ఎవరు తేవలయునో, దింపిన కొయ్యయు పెంకులును ఇంటివారివే యని, అనుకొనని పని తగిలినచో దాని వెల ముందుగా వ్రాసుకొన్న పిదపనే చేయవలయునని. బయానా స్వల్పము, తక్కినది పని సాగినకొలది, పదింట నొకవంతు మాత్రము ఒక వర్షకాలము గడచువరకు మాయొద్ద. ఈ కడపటి మాటకు మేస్త్రీ నవ్వి యొప్పుకొనెను, మొదటివాడు ఒప్పుకొనియుండునా? పనికి ముందు గోడలన్నిటికి ఫోనుతో బొమ్మలు తీసి యుంచితిని.

మేస్త్రీ గోడ జోలికి పోకమునుపే పెరటి తూము మళ్లించెను. రోగము సగము అక్కడనే యున్నదట. పిమ్మట పుచ్చిన పూత మాత్రము గీకి, సున్నము పొర వెనుక పొరగా నారనిచ్చుచు పూసెను. నెల యనుకొన్నది రెండు నెలలయ్యెను. అత్తగారు మండువాలోనే పడుకొనిరి, విసుగుకొనిరి గూడ.

మొన్నటి వానలలో గోడపై చేయివేసి చూచితిని. మోకాటియెత్తు చెమ్మ పోయినది. అడుగున జానెడు మేర ఇంకను చల్లగా నున్నది. మేస్త్రీకి కబురంపితిమి. అతని పదియవవంతు బీరువాలో నున్నది.