హమ్‌డ్రమ్‌లో డప్పు లేదు

గరిడేపల్లి నుంచి సూర్యాపేట కాలేజీకి పోయొచ్చే ఒక తమ్ముడు మొన్న అడిగిండు: "అన్నా, ఇంగ్లిష్ పాఠంల హమ్‌డ్రమ్ అనే మాటొచ్చింది. రోజూ ఒక్కతీరుగ ఉండి విసుగు పుట్టించేది అని అర్థం చెప్పిన్రు. అండ్ల డ్రమ్ ఎందుకున్నది? మన డప్పు లెక్క ఒకటే మోత అనా?"

కాదు తమ్మీ. 'హమ్' అంటే తేనెటీగ లెక్క జుమ్మనడం. దానికి 'డ్రమ్' ప్రాస కోసమే తగిలి ఉంటుందని నిఘంటువులు అంటాయి. మనం 'పని గిని', 'పుస్తకం గిస్తకం' అనమా? అట్లన్నమాట. 16వ శతాబ్దం నడుమ నుంచే ఇంగ్లిష్‌లో ఉన్న మాట ఇది.

మాట సంగతి అంతే. కానీ డప్పుది ఒకటే మోత అని ఈ తమ్మునికి నేర్పిందెవరు? కుడి చేతిల చిర్ర, ఎడమ చేతిల సిటికెన పుల్ల. చావుకొక దరువు, పెండ్లికొకటి, జాతరకొకటి, చాటింపుకొకటి. దూరాన విన్నోళ్లు ఊర్లో ఏం జరుగుతుందో దరువును బట్టి చెప్తారు. ఇందులో విసుగెక్కడిది?

విసుగు డప్పులో లేదు, వెట్టిలో ఉంది. పిలిస్తే పోవాలి, కూలి అడగొద్దు, రేపు కొడుకు కూడా అదే చెయ్యాలి. నిజాం కాలంలో ఈ నల్లగొండ నేల మీద మన తాతలు మోసింది అదే. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. పుట్టుకను బట్టి పని అంటగట్టే బుద్ధిని మాత్రం ఏ చట్టమూ రద్దు చేయలేకపోయింది. కులం పనిని కాదు, పనిచేసే మనుషులనే విభజించిందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిండు. ఇష్టపడి ఎంచుకోని పని మీద మనసెట్ల నిలుస్తుందని కూడా అడిగిండు.

సాగర్ ఎడమ కాల్వ నీళ్లొస్తే మా దిక్కు నాట్లు పడతయి. పొద్దంతా బురదలో వంగి ఒకటే పని. ఆఫీసులో కూసున్నాయనకు సోమవారం బోరు కొడితే అందరం అయ్యో అంటాం. నాటేసే అమ్మకు నడుము నొప్పి ఉంటదని ఒప్పుకుంటాం, విసుగుంటదని మాత్రం అనుకోం. ఆమెకు మనసున్నదని ఒప్పుకోవాల్సొస్తది కదా!

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు తమ ఉద్యమానికి 'దండోరా' అని పేరు పెట్టుకున్నరు. ఊరి పెద్దల మాట చాటిన చేతులే తమ మాట చాటినయి. డప్పు అదే, చిర్ర అదే. ఎవరి కోసం కొడుతున్నమన్నదే మారింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఏ పనినైనా విసుగు పని అని ఎవరన్నా అంటే ఒక్క ప్రశ్న అడగండి: అది వాళ్లు ఎంచుకున్న పనా, వాళ్ల మీద వేసిన పనా?

జై భీమ్.