హాన్వెల్ దారిలో ఒక చెక్కపెట్టె

లండను వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గరనుంచీ మా కాలేజీలో ఎదురుపడ్డ ప్రతివారూ, "రాజుగారి కోట చూశారా? పెద్ద గడియారం చూశారా?" అని అడుగుతున్నారు. చూశాను. వాటిని గురించి నాకంటె బాగా రాయగలవారు చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది ఒక చెక్కపెట్టె సంగతి.

మా అక్కయ్యా, బావగారూ లండనుకు పడమటి కొసనున్న సౌతాల్‌లో కాపురం ఉంటున్నారు. వారి ఒక్కగానొక్క కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు గిటారు. ముగ్గురు స్నేహితులతో కలిసి రెండు పాటలు రికార్డు చేయడానికి ఒక చిన్న స్టూడియోను ఒక్క రోజుకు అద్దెకు మాట్లాడుకున్నాడు. వాడి దగ్గర 15 వాట్ల యాంప్లిఫయరు ఉంది. కాని యాంప్లిఫయరు అంటే తలకాయ మాత్రమేనట. దానికి నోరు కావాలి. ఆ నోరే స్పీకరు పెట్టె.

మావాడి కన్ను నాలుగు స్పీకర్లున్న పెద్దపెట్టె మీద పడింది. ఒక్కొక్క స్పీకరూ 12 అంగుళాలు. పెట్టె బరువు సుమారు 36 కిలోలు. అక్కయ్యగారి ఇంటి గోడా, పక్కింటివారి గోడా ఒక్కటే. గత చలికాలంలో పక్కింటాయన రెండుసార్లు వచ్చి, నవ్వుతూనే, తన బాధ చెప్పుకుని వెళ్ళాడట. "ఇవాళ అన్ని పెట్టెల ధ్వనులూ కంప్యూటరులోనే దొరుకుతాయి కదా, ఈ గాడిద బరువెందుకు?" అని బావగారి వాదన. అది తీసిపారెయ్యవలసిన మాట కాదు. చాలామంది అలాగే రికార్డు చేస్తున్నారు కూడాను. మావాడు మాత్రం గాలి కదలాలంటాడు. మాటకి మాట పెరిగింది. ఆ తరవాత మూడు వారాలపాటు తండ్రీకొడుకుల మధ్య సంభాషణ అంతా అక్కయ్య ద్వారానే నడిచింది. "వాడు అన్నం తిన్నాడేమో అడుగు", "తిన్నానని చెప్పమ్మా" - ఇదీ వరస.

"నువ్వంటే వాడికి గురి. వెంట వెళ్ళి ఎలాగైనా మాన్పించరా" అంది అక్కయ్య. ఆ విధంగా నేను రాయబారినై బయలుదేరాను.

అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు మీద 207 నెంబరు బస్సు ఎక్కాము. సౌతాల్ బజారులో జిలేబీల వాసన, పంజాబీ పాటలు వెనకబడగానే బ్రెంట్ అనే చిన్న నది వస్తుంది. ఆ లోయ మీదుగా ఎనిమిది ఇటుక కమానుల రైలువంతెన ఉంది. బ్రునెల్ అనే ఇంజనీరు 1830లలో కట్టించినది; రైళ్ళు నేటికీ దానిమీదుగానే పోతున్నాయి. నేను మెడ తిప్పి దాన్ని చూస్తుంటే మావాడు నా భుజం తట్టి, "మావయ్యా, అటు కాదు, ఇటు! హాన్వెల్ వచ్చేసింది!" అన్నాడు.

దిగాము. 76 నెంబరు ఇంటి ముందు మావాడు కోవెల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. నాకు మామూలు దుకాణాల వరసే కనిపించింది. ఇప్పుడక్కడ సంగీతపు దుకాణమేమీ లేదు. కాని 1960లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టరు ఇక్కడే అంగడి తెరిచాడు. డ్రమ్ములకోసం వచ్చేవాళ్ళతోపాటు గిటారు కుర్రవాళ్ళూ వచ్చి, తమకు కావలసిన ధ్వనినిచ్చే యాంప్లిఫయరు ఎక్కడా దొరకడం లేదని మొరపెట్టుకునేవారు. 1962లో తన దగ్గరి ఇద్దరు పనివాళ్ళచేత, ఒక అమెరికా నమూనా ముందు పెట్టుకుని, ఆయన కొత్తదాన్ని తయారు చేయించాడు.

చిక్కల్లా స్పీకర్ల దగ్గర వచ్చింది. అప్పటి 12 అంగుళాల స్పీకరు 15, 20 వాట్లకు మించి ఓర్చుకోలేదు. రెండు పెడితే కొత్త యాంప్లిఫయరు ధాటికి చిరిగిపోయేవి. సరే, బరువు నలుగురు మోస్తారులే అని ఒకే పెట్టెలో నాలుగు బిగించారు. కొన్నాళ్ళకి పీట్ టౌన్‌షెండ్ అనే కుర్రవాడు వచ్చి ఎనిమిది కావాలన్నాడు. ఎనిమిదింటి పెట్టెను మోసే మనుషులు లబోదిబోమన్నారు. దాంతో నాలుగేసి ఉన్న పెట్టెలు రెండు, ఒకదానిమీద ఒకటి పేర్చారు. ప్రపంచంలో ఏ రంగస్థలం ఫోటో చూసినా గిటారు మనిషి వెనక నల్లగోడలా కనిపించేది అదే.

"చూశావా మావయ్యా, అదీ పెద్దపెట్టె మహిమ" అన్నాడు మావాడు.

నేను తెలుగు మాస్టరునే గాని తర్కం బొత్తిగా రానివాణ్ణి కాదు. "ఒరేయ్, స్పీకర్లు చాలక నాలుగు పెట్టారంటున్నావు. నీది 15 వాట్లేగా?" అన్నాను. వాడు జవాబు చెప్పకుండా బస్సు వైపు నడిచాడు.

పాతసామాను అమ్మే దుకాణం ఈలింగ్ వైపు ఒక సందులో ఉంది. యజమాని ముసలాయన. మావాడు కోరిన పెద్దపెట్టెకు తీగ తగిలించి, గిటారు చేతికిచ్చాడు. నిజం ఒప్పుకోవాలి. మొదటి దెబ్బకు నా పంట్లాము గుడ్డ కదిలింది. రెండో దెబ్బ గుండెల్లో తగిలింది. రాయబారి సగం శత్రుపక్షంలో చేరిపోయాడు.

"ఎందుకు కొంటున్నావు?" అన్నాడు ముసలాయన.

"రికార్డింగుకి."

"అయితే నువ్వు నిలబడవలసింది ఇక్కడ కాదు."

దుకాణం వెనక ఒక చిన్న గది ఉంది. అందులో మూడు పెట్టెలు పెట్టించాడు: ఆ పెద్దది ఒకటి, వెనకవైపు పూర్తిగా మూసిన రెండు స్పీకర్లది ఒకటి, వెనక సగం తెరిచి ఉన్న ఒంటి స్పీకరుది ఒకటి. ప్రతిదాని ముందూ జానెడు దూరంలోపల మైకు. 1965లో వచ్చిన షూర్ కంపెనీ 57వ రకం అది. నేటికీ ఈ పనికి ముందుగా చెయ్యి దానిమీదికే పోతుందట. అప్పుడు ఆయన నన్ను అవతలి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. ఏది ఏ పెట్టో నాకు చెప్పలేదు. పైగా మూడింటి ధ్వనీ సమానంగా సరిపెట్టాడు. గట్టిగా వినబడిందే బాగుందని చెవి మోసపోతుందట.

మావాడు వాయించడం మొదలుపెట్టాడు. మొదటి రెండు గమకాలకే నా ఒళ్ళు జలదరించింది. మా అమ్మ తిరగలి దగ్గర కూర్చుని కూనిరాగం తీసే వరస అది! ఆవిడ పోయి ఆరేళ్ళయింది. వీడు చిన్నప్పుడు ప్రతి వేసవికీ విజయనగరం వచ్చి ఆవిడ పక్కన పడుకునేవాడు. రికార్డు చేయదలచుకున్న రెండు పాటల్లో ఒకటి అదేనన్న మాట వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మొదటి పెట్టెలో ఆ వరస దట్టంగా, ఎక్కడో కంబళి కింద పాడినట్టుంది. రెండోది నిబ్బరంగా, గట్టిగా ఉంది. మూడోదానిలో గొంతు జీర తెలిసింది. "మూడోది" అన్నాను.

తలుపు తెరిచారు. మూడోది ఒంటి స్పీకరు పెట్టె. మొదటిది వాడు మనసుపడ్డ పెద్దపెట్టె. వాడి మొహం చూడలేకపోయాను.

ముసలాయన నెమ్మదిగా చెప్పాడు. నాలుగు స్పీకర్లున్నా మైకు వినేది తన ముందున్న ఒక్కదాన్నే. గుండెల్లో తగిలిన గాలి మైకులోకి అంతగా రాదు. ఇక వెనక పలక సంగతి. మా ఊళ్ళో డప్పు వెనక నిలబడ్డవాడికి కూడా మోత వినబడుతుంది కదా, తెరిచిన పెట్టె అలాంటిది. స్పీకరు ముందుకు తోసిన గాలీ, వెనక పలచబడ్డ గాలీ అంచులు చుట్టివచ్చి కలుసుకుని, కిందిస్థాయి మోతను కొంత చల్లారుస్తాయి. మూసిన పెట్టెలో ఆ మోత చల్లారదు. జోరుపాటకి అది కావాలి కూడాను. 1966లో వెస్ట్ హాంప్‌స్టెడ్‌లోని డెక్కా స్టూడియోలో ఎరిక్ క్లాప్టన్ చేసిన ఒక రికార్డు గిటారువాళ్ళకి పారాయణగ్రంథం వంటిది. అందులో వినబడేది పేర్చిన నల్లగోడ కాదు, వెనక తెరిచి ఉన్న రెండు స్పీకర్ల మార్షల్ పెట్టె. అయితే దాన్ని ఎంత గట్టిగా మోగించాడంటే స్టూడియోవారు బెంబేలెత్తారు.

అంతా చెప్పి ఆయన మైకును నడిమధ్యనుంచి ఒక అంగుళం అంచువైపు జరిపాడు. ధ్వని మారిపోయింది, పెట్టె మార్చినంత పనీ అయింది! నడుమ కీచు, అంచున మెత్తన. నాకు నవ్వొచ్చింది; మావాడికి రాలేదు. ఆ పెద్దపెట్టె మూలమీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. పదిహేనో ఏటనుంచీ గోడమీద అతికించుకున్న బొమ్మ అది. చెవి ఒప్పుకున్నంత తొందరగా మనసు ఒప్పుకోదు.

చివరికి ఒంటి స్పీకరుదే తీసుకున్నాడు. బేరం ముగిసేముందు ముసలాయన రెండు విషయాలు పరీక్షించాడు. యాంప్లిఫయరు వెనక రాసిన ఓముల సంఖ్యా, పెట్టె వెనకదీ ఒకటేనా? స్పీకరు 25 వాట్లది, యాంప్లిఫయరు 15, ఫరవాలేదు. నేనూ పెద్దమనిషి తరహాగా వేలితో పలక మీద కొట్టి చూశాను. బొబ్బిలి వీణ చేసేవారు ఒకే పనసమానులోంచి తొలిచిన కుండను అలా కొట్టి చూడడం ఎరుగుదును. కాని ఇక్కడ చెక్క పాడకూడదట, బిగుసుకుని ఉండాలట. ఇది బిర్చి చెక్క పొరలు అతికించిన పలక. రంపపుపొట్టు అట్టతో చేసినవి చవకే గాని, మూలలు రాలిపోతాయి, మరలు ఊడిపోతాయి.

మళ్ళీ 207 నెంబరు బస్సు. పెట్టెను ఒళ్ళో ఉన్న పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాడు. 76 నెంబరు ముందునుంచి పోతున్నా తల తిప్పలేదు.

ఇంటి గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నారు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నావైపు తిరిగి, "వెనక పలక సగం లేదేం? పాతసామానువాడు మోసం చేశాడా?" అన్నారు.

"మోసం కాదు నాన్నా" అని మావాడే జవాబు చెప్పాడు. వంటింట్లోంచి వస్తున్న అక్కయ్య అక్కడే ఆగిపోయింది. వాడు గాలి ముందుకెలా పోతుందో, వెనక్కెలా వస్తుందో, చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్పాడు. బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నారు.

"అయితే దీన్ని గోడకి ఆనించి పెట్టకూడదన్నమాట" అన్నారు.

"పెట్టకూడదు. ధ్వని పాడవుతుంది."

"పక్కింటాయనకీ అదే మంచిది" అని, బావగారు వంగి పెట్టెకు ఒక కొస పట్టుకున్నారు.