చూస్తేనే పనిచేసే పింగ్

మా మినీ ప్రాజెక్ట్‌లో ఒక పింగ్ ఉండేది. మేం చూస్తుంటే పనిచేసేది, చూడ్డం మానేస్తే ఆగిపోయేది. వినడానికి దెయ్యం కథలా ఉంటుంది గానీ కాదు. దీని వల్ల నేను ఒక ఫ్రెండ్‌తో రెండు రోజులు మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా.

ప్లాన్ సింపుల్. రూమ్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ వేశాం. అందులో ఒక జైల్ పెట్టాలి. జైల్ అంటే మనకి తెలిసిన కంటైనర్ లాంటిదే, ఫ్రీబీఎస్‌డీలో 2000 నుంచే ఉంది. ఆ జైల్‌కి సొంత ఐపీ, సొంత మ్యాక్ అడ్రస్ ఉండాలి, రౌటర్‌కి అది వేరే కంప్యూటర్‌లా కనబడాలి. కానీ మిషన్‌లో ఉన్న నెట్‌వర్క్ కార్డు ఒక్కటే. జైల్ సెటప్ మావాడిది, నెట్‌వర్క్ నాది.

నేను నెట్‌గ్రాఫ్ వాడదామన్నా. విజిల్ కమ్యూనికేషన్స్ అనే కంపెనీలో, ఇంటర్‌జెట్ అనే తమ డబ్బా కోసం జూలియన్ ఎలిషర్, ఆర్చీ కాబ్స్ వాళ్లు తయారుచేసుకున్న ఫ్రేమ్‌వర్క్ ఇది. తర్వాత ఫ్రీబీఎస్‌డీ 3.4లో అందరికీ వచ్చింది. ఐడియా ఏంటంటే, కెర్నల్ లోపల నెట్‌వర్కింగ్‌ని చిన్న చిన్న నోడ్‌లుగా విడగొట్టారు. ప్రతి నోడ్‌కీ హుక్‌లు ఉంటాయి. ఏ హుక్‌ని దేనికి తగిలించాలో మనిష్టం. ప్యాకెట్లు ఆ దారిలోనే వెళ్తాయి.

అందులో ఈఐఫేస్ అని ఒక నోడ్ ఉంది. అది కార్డు లేని కార్డు. దాన్ని తయారుచేయగానే ఐఎఫ్‌కాన్ఫిగ్‌లో ఎన్‌జీఈటీహెచ్0 అని మామూలు ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్‌లాగే కనిపిస్తుంది. ఐపీ ఇవ్వొచ్చు, మ్యాక్ ఇవ్వొచ్చు. వెనకాల వైరు బదులు ఒక హుక్ ఉంటుంది, అంతే తేడా. అసలు కార్డుకి కింద వైపు లోయర్, పై వైపు అప్పర్ అని రెండు హుక్‌లు దొరుకుతాయి. నేను మధ్యలో ఒక బ్రిడ్జ్ నోడ్ పెట్టి, దానికి లోయర్‌నీ అప్పర్‌నీ తగిలించి, మూడో లింక్‌కి ఈఐఫేస్‌ని కలిపా. ఆ ఎన్‌జీఈటీహెచ్0ని జైల్‌లోకి పంపేశాం.

హోస్ట్ నుంచి రౌటర్‌కి పింగ్ వెళ్లింది. జైల్ నుంచి వెళ్లలేదు. జైల్ లోపల చూస్తే బయటి బ్రాడ్‌కాస్ట్‌లు మాత్రం చక్కగా వస్తున్నాయి. అంటే నా దారి కరెక్టే కదా! "ఒరేయ్, నీ జైల్ కాన్ఫిగే తప్పు, సరిగ్గా చూసుకో" అన్నా. వాడు మూడుసార్లు జైల్ పీకి మళ్లీ కట్టాడు. నాలుగోసారి నేను కొంచెం గట్టిగా అన్నా, అదీ రివ్యూలో సార్ ముందు. వాడు ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత, వాడిదే తప్పని రుజువు చేద్దామని అసలు కార్డు మీద టీసీపీడంప్ నడిపా. జైల్ నుంచి పింగ్ టకటకా వెళ్లిపోయింది! కంట్రోల్ సీ కొట్టా, ఆగిపోయింది. మళ్లీ నడిపా, మళ్లీ వచ్చింది. అప్పుడర్థమైంది.

నెట్‌వర్క్ కార్డు మామూలుగా తన మ్యాక్ పేరున వచ్చినవీ, అందరికీ అని వచ్చినవీ మాత్రమే తీసుకుంటుంది. పక్కింటి వాళ్ల పేరున వచ్చిన కొరియర్‌ని మనం తీసుకోం కదా, అలాగే. జైల్ అడిగిన ఏఆర్‌పీ ప్రశ్న బయటకి వెళ్తోంది. రౌటర్ జవాబు జైల్ మ్యాక్‌కి పంపుతోంది. ఆ పేరు కార్డుకి తెలీదు, అందుకని నా బ్రిడ్జ్ దాకా రాకుండా అక్కడే పారేస్తోంది. టీసీపీడంప్ నడిచినంతసేపూ కార్డుని ప్రామిస్క్యువస్ మోడ్‌లో పెడుతుంది, అంటే ఎవరి పేరున వచ్చినా తీసుకోమని చెబుతుంది. అందుకే నేను చూస్తున్నంతసేపే పింగ్ బతికుంది. ఆ మోడ్ వద్దని మైనస్ పీ ఇచ్చి మళ్లీ చూశా. ప్రశ్నలే కనబడ్డాయి, ఒక్క జవాబూ లేదు.

ఫ్రీబీఎస్‌డీతో వచ్చే ఉదాహరణల ఫోల్డర్‌లో ఈథర్ డాట్ బ్రిడ్జ్ అని ఒక స్క్రిప్ట్ ఉంది. నేను దాన్ని చూసే రాశా. అందులో రెండు సెట్టింగులు చేస్తారు. సెట్‌ఆటోఎస్‌ఆర్‌సీ 0 అంటే, బయటకెళ్లే ఫ్రేమ్ మీద పంపినవాడి మ్యాక్ కొట్టేసి కార్డు తన మ్యాక్ రాయకుండా ఆపడం. అది కాపీ చేశా. సెట్‌ప్రామిస్క్ 1 మాత్రం "దేనికిలే" అని వదిలేశా. ఆ ఒక్క లైన్ చేర్చా. టీసీపీడంప్ లేకుండానే పింగ్ వచ్చింది.

రాత్రి పదకొండుకి వాడి రూమ్‌కి వెళ్లి, "తప్పు నాదేరా" అని మొత్తం చూపించా. వాడు ఒకసారి టీసీపీడంప్ వేసి, ఆపి, నవ్వాడు. "నీలాంటిదే, ఎవరైనా చూస్తేనే పని" అన్నాడు. తర్వాతి రివ్యూలో సార్‌కి కూడా నేనే చెప్పా, జైల్ మొదటి రోజు నుంచీ కరెక్టే అని.

మా స్క్రిప్ట్‌లో ఆ లైన్ పైన వాడు ఒక కామెంట్ పెట్టాడు: "జైల్ తప్పు కాదు." తీసెయ్యమని నేను అడగలేదు.