ఒకే నంబరు మీద రెండు బిల్లులు

2004లో చిత్తూరు వైపు ఓ ప్రైవేటు డెయిరీలో డేటాబేస్ పని చూసేవాణ్ని. చూసేవాణ్ని అంటే, ఆ గదిలో ఉన్న ఒక్క సర్వరుకీ, అందులోని ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000కీ, పైనుంచి నీళ్ళు కారే ఏసీకీ నేనే దిక్కు. పాలు పోసే రైతులకు పదిహేను రోజులకోసారి బిల్లు ఇవ్వాలి. ఏ పూట ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, రేటెంత, దాణా బాకీ కింద పట్టుకున్నదెంత, చేతికొచ్చేదెంత. నాలుగు వేల పైచిలుకు రైతులు, నూట నలభై ఊళ్ళు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు రాత్రంతా కిర్రుమంటూ కొడితే, తెల్లారి జీపులో కట్టలు పంపేవాళ్ళం.

ఆ బిల్లులన్నీ పీడీఎఫ్‌లుగా చేసి ఊరికో ఫైలు చొప్పున చిల్లింగ్ సెంటర్లకు పంపిస్తే వాళ్ళే ప్రింటు తీసుకుంటారని మేనేజరు గారికి తోచింది. “రిపోర్టు సాఫ్ట్‌వేరేదో కొనాలేమో, హెడ్డాఫీసులో అడగనా?” అన్నారు. “అక్కర్లేదు సార్, డేటాబేస్‌లోంచే తీసేస్తా” అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఎందుకంత ధీమా అంటే, పీడీఎఫ్ లోపల ఏముంటుందో అప్పుడప్పుడే చదివి ఉన్నాను. 1993లో అడోబీ దాన్ని బయటికి తెచ్చినప్పటి నుంచీ దాని నియమాల పుస్తకాన్ని ఎవరైనా చదువుకునేలా ఉంచింది. దాదాపు వెయ్యి పేజీలు. అందులో నాకు కావలసినవి పాతిక. సాదా పీడీఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవగలిగిన అక్షరాలే కనిపిస్తాయి. ఈ ఫాంటు, ఈ సైజు, పేజీలో ఇన్ని పాయింట్ల దగ్గర ఈ మాట రాయి, అంతే. కొరియర్ లాంటి పద్నాలుగు ఫాంట్లను ఫైల్లో పెట్టాల్సిన పని కూడా లేదు, పేరు చెబితే చాలు. పది పాయింట్ల కొరియర్‌లో ప్రతి అక్షరమూ సరిగ్గా ఆరు పాయింట్ల వెడల్పు, కాబట్టి ఖాళీలు కొట్టి వరసలు కుదుర్చుకోవచ్చు. డాట్ మ్యాట్రిక్స్ మీద చేసిన పనే.

డేటాబేస్ లోపలే నడిచే స్టోర్డ్ ప్రొసీజర్‌లో ఒక్కో లైనూ తాత్కాలిక టేబుల్లో పేర్చి, ఎస్పీ ఓఏ క్రియేట్‌తో విండోస్ వాళ్ళ ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్టుని పిలిచి, లైను వెంట లైను డిస్కు మీదికి రాయించాను. మొదటి ప్రింటులో రైతు పేరు కాగితం అడుగున, మొత్తం పైన వచ్చాయి. పీడీఎఫ్‌లో కొలత కింది ఎడమ మూల నుంచి పైకి పోతుందన్న సంగతి మరిచాను. నవ్వుకుని దిద్దుకున్నాను.

నవ్వి ఊరుకోకూడనిది తర్వాత వచ్చింది. అకౌంట్స్‌లో ఒకాయన కంప్యూటర్లో పూర్తి అక్రోబాట్ ఉండేది. నా బిల్లు చూసి మూసేసినప్పుడల్లా “మార్పులు సేవ్ చేయాలా” అని అడిగేదట. “నేనేం మార్చలేదు గదా, ఇదెందుకడుగుతోంది?” అన్నాడాయన. “వద్దు అని కొట్టేయండి” అన్నాను. అలా నాలుగు నెలలు ఆయన చేత వద్దు కొట్టించాను.

అసలు సంగతి ఇదీ. పీడీఎఫ్ చివర ఓ పట్టిక ఉంటుంది. ఫలానా వస్తువు ఫైలు మొదటి నుంచి ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో పది అంకెల్లో రాసి ఉంటుంది. పట్టికలో ఒక్కో వరసా సరిగ్గా ఇరవై బైట్లు. నేను ఆ లెక్కకు లెన్ అనే ఫంక్షను వాడాను. లైను చివరనున్న ఖాళీలను లెన్ లెక్కపెట్టదు. పేజీని వర్ణించే ఒక లైను చివర చేతి అలవాటు కొద్దీ ఓ ఖాళీ వదిలాను. అంటే పేజీకో బైటు తేడా. ముప్పై పేజీల ఫైల్లో ముప్పై బైట్లు పక్కకు జరిగిపోయాయన్నమాట. అక్రోబాట్ పాపం పట్టిక తప్పని గుర్తించి, ఫైలంతా వెతికి, కొత్త పట్టిక కట్టుకుని మరీ చూపించేది. మూసేటప్పుడు, నీ ఫైలు బాగుచేశాను, ఉంచుకుంటావా అని అడిగేది. దాని మర్యాద నాకు అర్థం కాలేదు. ఊళ్ళ ఫైళ్ళన్నీ ఒకటిగా కలపబోతే, కలిపే ప్రోగ్రాం పాడైన ఫైలని ముఖం మీదే చెప్పింది. లెన్ తీసి డేటాలెంగ్త్ పెట్టడానికి పట్టింది ఒక్క నిమిషం.

బ్రాకెట్ల గొడవ ఇంకోటి. ఒకే ఊళ్ళో ఒకే పేరువాళ్ళు ముగ్గురుంటే ఏజెంట్లు పేరు పక్కన బ్రాకెట్లో పెద్ద, చిన్న, మిట్టూరు అని రాసేవాళ్ళు. పేరుకు నేనిచ్చింది పాతిక అక్షరాలు. పొడుగు పేరైతే మూసే బ్రాకెట్ తెగిపోయేది. పీడీఎఫ్‌లో రాయాల్సిన మాటను బ్రాకెట్లలోనే పెడతారు. లోపల తెరిచింది మూయకపోతే అక్కడి నుంచి పేజీ చివరిదాకా అంతా ఆ పేరులో భాగమే. ఓ పెద్ద వెంకటరమణ కింద ఉన్న రైతులందరి బిల్లులూ ఖాళీ కాగితంగా వచ్చాయి. బ్రాకెట్ ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెడితే సరిపోయేది. పుస్తకంలో ఉంది, నేను చదవని పేజీలో.

ఇవన్నీ చేతి తప్పులు. బుద్ధి తప్పు వేరే ఉంది.

బిల్లు నంబరు ఇవ్వడం, లెక్క కట్టడం, ఫైలు రాయడం, బిల్లయిందని గుర్తు పెట్టడం, అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టేశాను. అయితే అన్నీ అవుతాయి, లేకపోతే ఏదీ కాదు అనుకున్నాను. భద్రంగా ఉంటుందని నా లెక్క. ఓ పదహారో తేదీ రాత్రి రెండున్నరకు మొదలైన పని తెల్లవారుజాము అయిదున్నరకీ పూర్తి కాలేదు. ఊళ్ళు పెరిగాయి, లైనుకోసారి బయటి ఆబ్జెక్టుని పిలవడం నత్తనడక. అంతసేపూ పాల లెక్కల టేబులంతా నా గుప్పిట్లోనే ఉంది. పొద్దుటి పాల వివరాలు చిల్లింగ్ సెంటర్ల నుంచి రావడం మొదలై, తలుపు దగ్గర ఒక్కొక్కటీ నిలబడిపోయాయి. ఫోన్ల మీద ఫోన్లు. నిద్ర కళ్ళతో వచ్చి, ఆ పనిని మధ్యలోనే ఆపేయడానికి కిల్ కొట్టాను.

డేటాబేస్ బుద్ధిమంతురాలు. రాత్రి చేసినవన్నీ వెనక్కి తీసుకుంది. నంబర్లు పోయాయి, గుర్తులు పోయాయి, ఏమీ జరగనట్టే ఉంది. డిస్కు మీది ఫైళ్ళకు మాత్రం ఆ సంగతి తెలియదు. తొంభై ఏడు ఊళ్ళ బిల్లులు ఫోల్డర్లో అలాగే ఉన్నాయి. అయిదు గంటలకు నడిచే ఇంకో జాబు అప్పటికే వాటిని సెంటర్లకు పంపేసింది కూడా. ఈలోగా ఒక సెంటరు వాళ్ళు రెండు పూటల ఫ్యాట్ తప్పు పడిందని దిద్ది పంపారు. పదింటికి నేను మళ్ళీ నడిపాను. ఇంతకుముందున్న పెద్ద నంబరుకు ఒకటి కలిపి కొత్త నంబరు ఇవ్వడం నా పద్ధతి. వెనక్కి పోయిన నంబర్లే మళ్ళీ పుట్టాయి.

మూడో రోజు ఆఫీసుకు ఓ పెద్దావిడ వచ్చింది. కొంగు ముడి విప్పి రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఒకే పేరు, ఒకే పదిహేను రోజులు, ఒకే బిల్లు నంబరు. ఒకదాని మీద 1,412 రూపాయలు, ఇంకోదాని మీద 1,366. “నాయనా, పాలు పోసింది ఒకసారే. ఇందులో మీది ఏది?” అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మేనేజరు గారు నా ముఖం చూశారు. ఎక్కువున్నదే ఇప్పించేసి, ఆ ఊళ్ళో అందరికీ అలాగే ఇవ్వమన్నారు.

తర్వాత రెండుగా విడగొట్టాను. ప్రొసీజరు పని నంబరిచ్చి, లెక్క కట్టి, ఆ వరసలను కదలకుండా వేరే టేబుల్లో పెట్టడం వరకే. నిమిషంలో అయిపోయేది. ఇంకో పాత కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం ఆ వరసలు చదివి ఫైలు రాసేది. ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టేది. సగంలో ఆగినా మళ్ళీ అదే బిల్లు వచ్చేది తప్ప ఇంకో బిల్లు వచ్చేది కాదు. అయినా లోపలి పీడీఎఫ్ రాత మాత్రం నాదే. అది వదలడానికి మనసొప్పలేదు.

2006లో మేనేజరు గారు “రైతుల పేర్లు తెలుగులో రావా?” అన్నారు. నేను నమ్ముకున్న పద్నాలుగు ఫాంట్లలో తెలుగు లేదు. ఫాంటుని ఫైల్లోనే పొదగాలి. పొదిగినా అక్షరాలు వరసగా పేరిస్తే సరిపోదు, వొత్తులను ఎక్కడ ఏ రూపంలో వేయాలో మనమే తేల్చాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రాత్రి కూడా నోటు పుస్తకం తీశాను. లక్ష్మమ్మ అని రాసి లెక్కపెట్టాను. కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో తొమ్మిది. క్ష కింద మ వొత్తు ఎన్ని పాయింట్ల కిందికి దించాలా అని స్కేలు పెట్టి కొలుస్తూ పన్నెండు దాటించాను.

పొద్దున్నే ఆయన గదికెళ్ళి, “సార్, రిపోర్టు సాఫ్ట్‌వేరేదో కొందాం” అన్నాను.

“రెండేళ్ళ కిందట నేనన్నది అదేగా” అన్నారాయన, ఫైల్లోంచి తలెత్తకుండా.