తీగకు గ్రుచ్చిన జాబులు

పుణే నగరమున ఒక విశ్రాంత అధ్యాపకుడు తన కంప్యూటరులో విండోస్‌ను మరల ఎక్కించెను. యంత్రము చురుకుదేరెను, గాని థండర్‌బర్డ్ తెరచి చూడగా ఉత్తరముల పెట్టె శూన్యము. కాలధర్మము చెందిన అక్కగారు, ఆయన నోట ‘తాయి’, పదునాలుగేండ్లు వ్రాసిన జాబులన్నియు అందులోనివే. పీఓపీ పద్ధతిని దించుకొనిన పిమ్మట సర్వరులోని ప్రతులు చెరిగిపోవునట్లు ఏర్పాటు చేసికొన్నదియు ఆయనయే. పొదుపరులకు ఇట్టి శిక్షలు కొత్త గావు.

అయినను, మేనల్లుని పోరు పడలేక, ముందుగా ప్రొఫైల్ ఫోల్డరును బయటి డిస్కులో దాచియుండెను. అందు ‘ఇన్‌బాక్స్’ అను ఒకే ఫైలు. వేల ఉత్తరములు, పూర్వము ఇనుప తీగకు గ్రుచ్చిన కార్డులవలె, ఒకదాని వెనుక నొకటి అందే యుండును. ‘ఫ్రమ్’ అను పంక్తితో ఒక్కొక్కటి మొదలగును. ఎంబాక్స్ అనగా ఇంతియే.

ప్రోగ్రామును మూసి, ఆ ఫైలును ‘తాయి’ అను పేరిట లోకల్ ఫోల్డర్స్‌లో నకలుచేసి, మరల తెరచెను. సూచిక తయారగుటకు కొంత సేపు పట్టెను. జాబులన్నియు వచ్చెను. జవాబు వ్రాసిన వాటి ప్రక్క బాణపు గురుతు సైతము చెదరలేదు. కట్టకడపటి దానికి మాత్రము ఆ గురుతు లేదు. మందులు వేళకు వేసికొనుచున్నావా యని తాయి అడిగియుండెను.

ఆయన చేయి మీటపై కొంతసేపు నిలిచెను. పిమ్మట డిస్కులోనికి మరియొక నకలు తీసికొనెను.