పెన్సిల్ గీత పడిన పేజీ

తెనాలిలో మా వీధి చివర ఒక అద్దె లైబ్రరీ ఉండేది. ఒకప్పుడు చిల్లర కొట్టు నడిచిన గది అది. మూడు గోడలకీ చెక్క అరలు, గుమ్మానికి అడ్డంగా ఒక బల్ల, బల్ల వెనక మడత కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే ఆయన వీధి పిల్లలందరికీ బాబాయి. డిపాజిట్టు రెండు రూపాయలు, పుస్తకానికి రోజుకి పది పైసలు. డిటెక్టివ్ నవలని సాయంత్రం పట్టుకెళ్ళి, తెల్లారేసరికి తిరిగిచ్చేవాళ్ళం. 1971, 72 నాటి మాట.

ఎడమ గోడ సాంఘిక నవలలది. కుడి గోడంతా డిటెక్టివ్‌లే. అరచేతిలో ఇమిడే సైజు, రెండో వర్షాకాలానికే పసుపెక్కే న్యూస్‌ప్రింటు కాగితం. అట్ట మీద పిస్తోలు, బెదిరిన కళ్ళతో ఒక ఆడమనిషి, నెత్తురు కారుతున్నట్టు ఎర్రటి అక్షరాలు. కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు, విశ్వప్రసాద్. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారని నాకు తెలిసింది ఆ గోడ దగ్గరే. అందరిలోకీ నాకు ఇష్టం కొమ్మూరి. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మద్రాసు వీధుల్లో కారులో తిరుగుతుంటే నేను మా అరుగు మీద కూర్చుని వాళ్ళ వెనక సీట్లో ఉండేవాణ్ణి. తర్వాతి రోజుల్లో మధుబాబు షాడో వచ్చి కుర్రకారుని ఊపేశాడు. నేనూ చదివాను. కాని అక్కడ ఊపిరి బిగబట్టేది షాడో ఎలా బయటపడతాడా అని. హంతకుడెవరా అని బుర్ర గోక్కునే సుఖం యుగంధర్ దగ్గరే దొరికేది.

ఆ పుస్తకాల్లో అచ్చు కాని రాత ఒకటుండేది. మనకంటే ముందు చదివినవాళ్ళు పెన్సిల్‌తో అనుమానితుడి పేరు కింద గీత గీసి, పక్కన ‘వీడే’ అని రాసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. చదివే ఆనందమంతా పోయిందని బాబాయికి ఫిర్యాదు చేస్తే ఆయన రబ్బరు తీసి చెరిపేవారు. చెరిపేముందు మాత్రం ఆ పేజీ నంబరు చూసుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

“రచయిత ఎంతవాడో గీత చెబుతుందిరా. ఇరవయ్యో పేజీలోనే సరైన పేరు కింద గీత పడిందా, వాడికి దాచడం రాదు. అరవయ్యో పేజీలో తప్పు పేరు కింద పడిందా, వాడికి పని తెలుసు” అన్నారు.

డిటెక్టివ్ కథ ఎలా రాయాలో నాకు ఎవరైనా నేర్పారంటే ఆయనే. నా పద్నాలుగో ఏట ఒక తెల్లకాగితాల నోటుబుక్కు నిండా కథ రాసుకుని వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. వడ్డీ వ్యాపారి హత్య. ఒకవైపు మేనల్లుడు, ఇంకోవైపు ఊరికి కొత్తగా వచ్చిన మనిషి. ఒకరి మొహం ఒకరం ఎరగమంటారు ఇద్దరూ. చివరి పేజీలో మా డిటెక్టివు ఇద్దరి జేబుల్లోంచీ రైలు టిక్కెట్లు తీస్తాడు. వేమూరు నుంచి తెనాలికి, మూడో తరగతి. రెండు టిక్కెట్ల నంబర్లూ పక్కపక్కన.

ఆ టిక్కెట్లు ఇప్పుడు లేవు కాబట్టి చెప్పాలి. బొటనవేలంత పొడుగున్న దళసరి అట్టముక్క. ఊరికో అర, తరగతికో అర చొప్పున విడివిడిగా ఉండేవి, ఒక్కో దాని మీదా వరస నంబరు ముందే అచ్చయి ఉండేది. బుకింగు గుమాస్తా దాన్ని యంత్రంలో దూర్చి టక్కుమని తేదీ కొట్టి కిటికీలోంచి తోసేవాడు. రేపల్లె లైనులో వేమూరులాంటి చిన్న స్టేషన్లో ఒక బండికి ఎన్ని టిక్కెట్లు తెగుతాయి! పక్కపక్క నంబర్లు ఉన్నాయంటే ఇద్దరూ కిటికీ దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడి కొన్నారన్నమాట. ఎరగమన్నవాళ్ళు అక్కడే దొరికిపోయారు. ఈ ఊహ వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బాబాయి చదివారు. నోటుబుక్కు మూసి రెండు ప్రశ్నలు వేశారు.

“ఏరా, తెనాలి గేటు దగ్గర టిక్కెట్టు కలెక్టరు వాళ్ళ టిక్కెట్లు తీసుకోలేదా? జేబులో ఎలా మిగిలాయి?”

నాకు మాట రాలేదు. దిగిన ప్రతివాడూ గేటు దగ్గర టిక్కెట్టు ఇచ్చేసి బయటికి రావాల్సిందే. ఆ సంగతి నేను మర్చిపోయాను. నా మొహం చూసి ఆయనే అన్నారు. “పోనీలే, తప్పునే పనికి పెట్టు. వాళ్ళు గేటులోంచి రాలేదు. ప్లాట్‌ఫారం చివర దిగి పట్టాల వెంట నడిచిపోయారు. టిక్కెట్టు కొన్నవాడికి గేటు తప్పించుకునే పనేముంది? ఎవరి కంటా పడకూడదనేగా! ఇప్పుడు నీకు ఒకటికి రెండు ఆధారాలు.”

రెండో ప్రశ్న ఇంకా లోతుకి దిగింది. “ఈ టిక్కెట్టు నాకు ముందెప్పుడు చూపించావు?”

ఎక్కడా చూపించలేదు. చివర్లో మాయగా తీస్తే బాగుంటుందనుకున్నాను. ఆయన ఆ నోటుబుక్కుని దబ్బనంతో కుట్టి, ఖాకీ అట్ట వేసి, నంబరు వేసి కుడి గోడ అరలో పెట్టారు. అద్దె లేదు. వారంలో నలుగురు చదివారు. ఒక్క గీతా పడలేదు. నేను గెలిచాననుకున్నాను. “గీత పడలేదంటే చదివేవాడు ఓడిపోయాడని కాదురా, వాడికి నువ్వు ఆటే ఇవ్వలేదని” అన్నారాయన.

తిరగరాశాను. ఈసారి టిక్కెట్టు మూడో అధ్యాయంలోనే కనిపిస్తుంది. పోలీసులు మేనల్లుడి జేబులు వెతికితే ఆరిపోయిన చుట్ట, మందుల చీటీ, టిక్కెట్టు, బీరువా తాళంచెవి దొరుకుతాయి. నాలుగింటి మధ్యలో టిక్కెట్టు పెట్టమన్నది బాబాయే. ఆ వెంటనే తాళంచెవి గురించి గొడవ లేవదీయమన్నారు. ఇంకో కిటుకు కూడా చెప్పారు, ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి మించింది నాకు తెలీదు. ఆ టిక్కెట్టు ముందు వేరే ప్రశ్నకి జవాబు చెప్పాలట. హత్య ముందురోజు జరిగింది. టిక్కెట్టు మీద మర్నాటి తేదీ ఉంది. “అబ్బాయి అప్పటికి ఊళ్ళోకే రాలేదు” అని ఇన్‌స్పెక్టరు వదిలేస్తాడు. చదివేవాడి కన్ను కూడా తేదీ చూసి తృప్తిపడి, పక్కనున్న నంబరుని దాటి వెళ్ళిపోతుంది. ఇద్దరూ ముందురోజు హత్య చేసి వెనక్కి వెళ్ళి, మర్నాడు కొత్తగా దిగినట్టు టిక్కెట్టు కొని తెచ్చుకున్నారని తేలేది ఆఖర్న.

ఈసారి గీతలు పడ్డాయి. పద్నాలుగో పేజీలో ఎవరో కథలోని గుమాస్తా పేరు కింద గీశారు. తప్పు. ఇంకొకరు ఇరవై ఆరో పేజీలో టిక్కెట్టు నంబరు చుట్టూ సున్నా చుట్టారు. బాబాయి ఆ రెండు పేజీలూ నాకు చూపించి, రబ్బరు సొరుగులో పడేశారు. చెరపలేదు.

చాలా ఏళ్ళ తర్వాత చదివాను, రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు 1929లో డిటెక్టివ్ కథలకి పది సూత్రాలు రాశాడని. డిటెక్టివుకి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి అప్పటికప్పుడే చూపించాలన్నది వాటిలో ఒకటి. అంతకు ముందు ఏడాదే అమెరికాలో వాన్ డైన్ ఇరవై నియమాలు రాస్తూ పాఠకుడికీ డిటెక్టివుకీ సమానమైన అవకాశం ఉండాలన్నాడు. మా బాబాయి వాళ్ళ పేర్లు వినలేదు. పెన్సిల్ గీతలు చూసి అదే మాట చెప్పారు.

ఆ రోజుల డిటెక్టివ్ కథలు బతికింది మామూలు వస్తువుల మీద. ఒక అక్షరం విరిగిన టైపు మిషను. 1891లో కోనన్ డాయిల్ హోమ్స్ చేత దాంతోనే ఒక మోసగాణ్ణి పట్టించాడు. అద్దంలో పెట్టి చదివితే ఉత్తరం బయటపెట్టే అద్దుడు కాగితం. కీ ఇవ్వక ఆగిపోయిన గోడ గడియారం. ట్రంకాల్ కలిపే ఆపరేటరు. కాల్ ఏ ఊరికి, ఎన్ని గంటలకి, ఆర్డినరీయా అర్జెంటా అన్నది చీటీ మీద రాసి ఉండేది. తలుపు కొట్టి “టెలిగ్రాం” అని అరిచే మనిషి. అందరి ఇళ్ళలో, అందరి కళ్ళ ముందు ఉన్నవే కాబట్టి వాటిలో ఆధారం దాచడం కుదిరేది. 1974లో మూడో తరగతి పోయింది. తర్వాత కంప్యూటరు టిక్కెట్టు వచ్చి అట్ట టిక్కెట్టు పోయింది. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఒక్కో వస్తువు పోయినప్పుడల్లా దాని లోపల దాగగలిగిన కథలూ పోయాయి. ఇప్పుడు రాస్తున్నవాళ్ళు సెల్‌ఫోన్లో చార్జింగు అయిపోయిందనీ, సీసీ కెమెరా పాడైందనీ రాసి గండం గట్టెక్కుతున్నారు. అది నాకు నచ్చదు. ఇవాళ్టి జేబులో ఉన్న వస్తువుల్లోనూ తేదీ పక్కన ఎవరూ చూడని నంబరు ఉండే ఉంటుంది. ఓపిగ్గా వెతకాలి.

నేను ఉద్యోగానికి ఊరు వదిలాక, ఇళ్ళలో టీవీ సీరియళ్ళు మొదలయ్యాక లైబ్రరీ మూతపడింది. బాబాయి పోయారు. పుస్తకాలన్నీ కిలోల లెక్కన పాత కాగితాలవాడికి వెళ్ళాయి, నా నోటుబుక్కుతో సహా.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత డిటెక్టివ్ నవలలు ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తాయి. మొన్న ఒకటి దొరికింది. ఏదో ఊరి అద్దె లైబ్రరీ రబ్బరు స్టాంపు, సగం చెరిగింది. చివరి నాలుగు పేజీలు లేవు. ముప్ఫై ఏడో పేజీలో ఒక పేరు కింద పెన్సిల్ గీత, పక్కన ప్రశ్నార్థకం. సరిగ్గా ఊహించారో లేదో తెలుసుకునే దారి లేదు.

మీ అటక మీద అలాంటి పుస్తకం ఏదైనా ఉంటే తూకానికి వెయ్యకండి. లోపల పెన్సిల్ గీతలుంటే చెరపకండి.